గ్రామసభ, ప్రజావేదిక

అత్తిలి, తాడేపల్లిగూడెం వైపు గ్రామసభ ఎలా ఉంటుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. షామియానా, మైకు, బల్ల మీద తీర్మానాల పుస్తకం. సర్పంచిగారి అధ్యక్షతన కార్యదర్శి ఎజెండా చదువుతారు, ఆపైన మురుక్కాలువ గురించీ వీధి దీపం గురించీ జనం అడుగుతారు. 1993లో అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ఈ సభకు 243-ఎ అధికరణంలో చోటిచ్చింది. సామాజిక తనిఖీ మాత్రం చాలామందికి పేరుకే తెలుసు.

దాని పుట్టిల్లు రాజస్థాన్. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంస్థ తొలి జన సునవాయి (బహిరంగ విచారణ) జరిపి, ఊరి పనుల లెక్కలను ఊరివాళ్ల ముందే పెట్టింది. 2006 నుంచి మన రాష్ట్రం దాన్ని ఉపాధి హామీలో ప్రభుత్వ పద్ధతిగా తెచ్చుకుంది, 2009లో అందుకోసం ప్రత్యేకంగా ఒక సొసైటీనే పెట్టింది. తనిఖీ బృందం ఇంటింటికీ తిరిగి మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) సరిచూస్తుంది, పనులు కొలుస్తుంది. తేలిన సంగతులను ముందు ఊళ్లోనూ, తర్వాత మండల ప్రజావేదికలోనూ చదువుతారు.

గ్రామసభలో ఏ రోడ్డు వేయబోతున్నారో సర్పంచి చెబుతారు. ప్రజావేదికలోనేమో ఆ పనికి డబ్బు ఎలా ఖర్చయిందో అధికారి చెప్పాల్సి వస్తుంది. అక్కడ మైకు ముందుగా నాయకుడి చేతికి వెళ్తే, ఇక్కడ జాబ్ కార్డున్న కూలీకి కూడా వస్తుంది. అయినా రెండూ ఒక తల్లి బిడ్డలే. నలుగురి ఎదుట అన్న మాటను వెనక్కి తీసుకోవడం కష్టమన్న నమ్మకం మీదే రెండూ నిలబడ్డాయి.

మన డెల్టాలో ఈ రెండో సభ అవసరం మరీ ఎక్కువ. అనంతపురంలో తవ్విన నీటికుంటను ఏడాది తర్వాతైనా టేపు పెట్టి కొలవచ్చు. ఇక్కడ వేసవిలో కాలువలు కట్టేశాక బోదెల్లో పూడిక తీస్తారు. జూన్‌లో నీళ్లు వదిలితే ఎంత లోతు తీశారో ఇక కనపడదు. ఎం-బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో రాసిన అంకె, గట్టున తట్ట మోసినవాళ్ల జ్ఞాపకం, ఈ రెండే మిగులుతాయి. ఆ రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టే చోటు ప్రజావేదిక ఒక్కటే.

దాని లోపం కూడా చిన్నదేం కాదు. తప్పు తేలినా శిక్ష తరచు ఫీల్డ్ అసిస్టెంటు దగ్గరే ఆగిపోతుంది, పైన సంతకం చేసినవారి దాకా పోదు. అలాగే గ్రామసభకూ ఒక జబ్బుంది: జనం రాకపోతే పుస్తకమే ఇంటింటికీ తిరిగి సంతకాలు తెచ్చుకుంటుంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజున సభలు పెట్టి ఉపాధి పనులకు ఆమోదం తీసుకున్నారు. అంత పెద్ద ఎత్తున జనాన్ని అడగడం నాకు నిజంగా సంతోషం కలిగించింది. అయితే ఆమోదించిన పనుల లెక్క కూడా అదే మైకులో, అంతే ఆర్భాటంగా వినపడాలి.

2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ సామాజిక తనిఖీ బాధ్యతను గ్రామసభకే అప్పగించింది. చట్టం ఒకటిగా చూసినవాటిని ఆచరణలో మనమే విడదీసుకున్నాం. తనిఖీ నివేదిక తర్వాతి గ్రామసభ ఎజెండాలో మొదటి అంశం కావాలి. కార్యదర్శి కాదు, సర్పంచిగారే నిలబడి దాన్ని చదవాలి. మస్టరులో పేరున్న కూలీలు ముందు వరసలో కూర్చుని, చదివింది నిజమో కాదో అక్కడే చెప్పాలి.