గొడవ చేయని స్క్రిప్టే అసలు గొడవ

పైథాన్ స్క్రిప్ట్ మధ్యలో ఆగి తెరనిండా ఎర్రర్ పరిచిందంటే కొత్తగా కోడ్ రాసేవాళ్లకు గుండె జారిపోతుంది. నాకు మాత్రం అది కాస్త ఊరట. ఏది చెడిందో నోరు విప్పి చెబుతోంది కదా! నా దడంతా ఏ గొడవా చేయకుండా చివరిదాకా నడిచి, బుద్ధిగా ఫైలు చేతిలో పెట్టే స్క్రిప్టుతోనే.

యూట్యూబ్‌లో తెలుగు సినిమా ట్రైలర్ల కింద జనం ఏమంటున్నారో పోగుచేయాలనుకోండి. మన స్క్రిప్టులు సమాచారం అడిగే దారి అయిన యూట్యూబ్ ఏపీఐ మామూలుగా ఇచ్చే కోటా రోజుకు 10,000 యూనిట్లు. కామెంట్ల పేజీ ఒకటి తెస్తే ఖర్చయ్యేది ఒక్క యూనిటే గానీ, వీడియోల కోసం ఒక్కసారి వెతికితే 100 పోతాయి. అది తెలియక వెతుకులాటను లూప్‌లో పెట్టినవాడికి కాసేపట్లోనే 403 ఎర్రర్ ఎదురవుతుంది. చిత్రమేమంటే, వీడియో పెట్టినవాళ్లు కామెంట్లు మూసేసినా వచ్చేది 403నే. మొదటిది రేపు రమ్మంటోంది, రెండోది ఎప్పుడొచ్చినా లేదంటోంది. అంకెను పట్టుకుని గూగుల్ చేసేవాళ్లు తిరిగినచోటే తిరుగుతుంటారు. కోటా అయిపోయిందా, కామెంట్లు లేవా అన్నది ఆ జవాబులోనే, అంకె పక్కనే రాసి ఉంటుంది. ఇంతకీ ఆ ‘రేపు’ మన అర్ధరాత్రికి రాదు, కాలిఫోర్నియా అర్ధరాత్రికి వస్తుంది. అంటే మనకు ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండున్నర, చలికాలంలో ఒకటిన్నర. తెల్లవార్లూ కూర్చుని కోడ్‌ను తిట్టే కుర్రాళ్లను చూస్తే జాలేస్తుంది.

పైథాన్ ఎర్రర్‌ను కిందినుంచి పైకి చదవాలి. అసలు సంగతి ఆఖరి వరుసలో ఉంటుంది, మన కోడ్‌లో ఎన్నో లైనులో ఆగిందో దాని పైన. ‘కీ ఎర్రర్’ అని వస్తే మనం అడిగిన గడి ఆ వీడియోకు లేదన్నమాట. లైకుల సంఖ్య దాచిపెట్టిన వీడియోకు ఆ గడి సున్నాతో రాదు, అసలే రాదు. దాన్ని సున్నాగా రాసుకుంటే తప్పుడు లెక్క. ఖాళీగా వదిలేయడమే న్యాయం.

ఇక ట్విట్టర్ సంగతికొస్తే, 2023లో ట్వీట్లను ఉచితంగా తెచ్చుకునే దారిని అది మూసేసింది. పాత పాఠాల్లోని కోడ్‌ను ఎంత దిద్దినా లాభం లేదు, తప్పు కోడ్‌ది కాదు.

విసుగెత్తినవాళ్లు చేసే పని ఒకటుంది. ఏ ఎర్రర్ వచ్చినా పట్టించుకోకుండా ముందుకెళ్లమని ట్రై, ఎక్సెప్ట్, పాస్ అని రాసి పడేస్తారు. రాత్రి మొరుగుతోందని కుక్క మూతి కట్టేసి పడుకోవడమే ఇది. పొద్దున ఫైలు ఉంటుంది, అందులో ఏం పోయిందో చెప్పేవాడుండడు.

ఎక్సెప్ట్ లేకున్నా పోయేవి పోతూనే ఉంటాయి. యూట్యూబ్ ఏపీఐ కామెంట్లను పేజీకి వందకు మించి ఇవ్వదు. అది ఇచ్చే టోకెన్‌తో తరువాతి పేజీని అడగడం మరిస్తే మొదటి పేజీతోనే పని అయిపోయిందనుకుంటుంది స్క్రిప్ట్. కామెంటు కింద సాగే వాదులాట కూడా మొత్తం రాదు. కొన్ని జవాబులే కామెంటుతో వస్తాయి, మిగతావి విడిగా అడగాలి. నా మటుకు నాకు ట్రైలర్ల కింద అసలు విషయమంతా అక్కడే ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం మన భాష దగ్గర. తెలుగు లిపి ఉన్నవే ఏరమంటే, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసే జనమంతా లెక్కలోంచి మాయం. అభిమానుల్లో అలా రాసేవాళ్లెందరో ఏ ట్రైలర్ కింద చూసినా తెలుస్తుంది. వాళ్లంతా పోయినా ఒక్క ఎర్రర్ కూడా రాదు.

అందుకే ఫైలు చేతికొచ్చాక వరుసల సంఖ్యను వీడియో కింద కనిపించే కామెంట్ల సంఖ్యతో పోల్చాలి. అచ్చంగా సరిపోదు, కానీ వేలకూ వందకూ తేడా ఉంటే కోడ్ మళ్లీ తెరవాల్సిందే. ఆ తరువాత కొన్ని కామెంట్లయినా కళ్లతో చదవాలి.

ఎక్కడైనా ‘సోషల్ మీడియాలో ఇన్ని వేల స్పందనలు విశ్లేషించాం’ అన్న వాక్యం కనబడితే, ఎన్ని చేతికి రాలేదో కూడా అడగండి. ఆ లెక్క చెప్పలేనివాళ్ల శాతాలను నమ్మకండి.