సెగ తగలని సెగా

మారిషస్ వెళ్ళి వచ్చినప్పటి నుంచి మిత్రులందరూ అడిగేది ఒక్కటే: సముద్రం ఎలా ఉంది, హోటలు ఎలా ఉంది అని. రెండూ బాగానే ఉన్నాయి. కాని మన పత్రికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు పట్టుబట్టినప్పుడు నాకు గుర్తుకొచ్చినవి ఆ రెండూ కావు, అక్కడి పాట. అందుచేత ఆ దీవి సంగీతాన్ని గురించి నాకు తోచిన నాలుగు మాటలు మనవి చేస్తాను. నచ్చని వారు తప్పక జవాబు రాయండి.

ముందుగా హోటల్లో చూసిన సెగా. రాత్రి భోజనాల వేళ ఏర్పాటు చేశారు. పెద్ద పెద్ద పువ్వుల పరికిణీలు కట్టిన అమ్మాయిలు, గిటారు, కీబోర్డు, ఒక మూల డోలు. చివర అతిథులను చేయిపట్టి లేపి ఆడించారు. మా పిల్లలు కూడా ఆడారు. బాగుందా అంటే బాగుంది. అయినా గదికి వచ్చి పడుకున్నాక ఒక్క పాట కూడా మనసులో మిగల్లేదు. తప్పు పాడినవాళ్ళది కాదు; వాళ్ళు నేర్పరులు. పాట అర్థం ఏమిటో అడిగినవాడు మాలో ఒక్కడూ లేడు. చెప్పాలని ఎవరికీ తోచనూ లేదు. ఎదురు మాట పలకని పాట అది.

సెగా పుట్టింది ఎదురు పలకడం కోసమే. ఆ దీవి 1715 నుంచి ఫ్రెంచివారి చేతిలోను, 1810 నుంచి ఇంగ్లీషువారి చేతిలోను ఉండేది. మడగాస్కర్ నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు చెరకు తోటల్లో పగలంతా చాకిరీ చేసి, రాత్రి నిప్పు చుట్టూ చేరి పాడుకున్న పాట అది. ఒకరు క్రియోల్ భాషలో అప్పటికప్పుడు ఒక మాట కడితే మిగతావారు అందుకుంటారు. అందులో ఎకసెక్కం ఉంటుంది, ఏడుపూ ఉంటుంది. దొరలకు, పాదరీలకు అది గిట్టలేదు. బానిసత్వం 1835లో రద్దయినా, పాట మీద చిన్నచూపు ఇంకా ఎన్నో ఏళ్ళు నిలిచింది.

వాద్యాలు ముచ్చటగా మూడు. గుండ్రని చెక్క చట్రానికి మేక తోలు బిగించిన రవాన్, గింజలు పోసిన చదునైన పెట్టెను రెండు చేతులా ఊపి వాయించే మరవాన్, ఇనుప ముక్కోణం. నడక మన చెవికి తిశ్రగతిలా తోస్తుంది. వాయించబోయే ముందు రవాన్‌ను మంట దగ్గర పట్టి తోలు కాస్తారు. కాగితేనే తోలు బిగుస్తుంది, బిగిస్తేనే పలుకుతుంది. హోటలు భోజనశాలలో మంట ఎక్కడ వేస్తారు? కాచనక్కరలేని కృత్రిమ తోలు డోళ్ళు కూడా వచ్చాయి. సెగ తగలని సెగా అన్నది మాటల చమత్కారం కోసం అనలేదు. నేను విన్నది అదే.

అలాగని పాతదంతా పసిడి, కొత్తదంతా కాకిబంగారం అని తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. రవాన్ పట్టి పాడిన తి ఫ్రేర్ (1900-1992) గొప్పవాడే. 1964లో ల మోర్న్‌లో జరిగిన సెగా రాత్రిలో ఆయనను సెగా రాజు అన్నారు. సెర్జ్ లెబ్రాస్ అదే పాటను బృందవాద్యాలతో కలిపి ఊరందరి నోటా పలికించాడు. దాన్ని కల్తీ అనలేం. స్వాతంత్ర్యం వచ్చిన 1968 తర్వాతి దశాబ్దంలో సోలే రూజ్, లతానియే వంటి బృందాలలో భారత సంతతి వారు, ఆఫ్రికా సంతతి వారు కలిసి కూలివాళ్ళ కష్టాలను క్రియోల్‌లో పాడారు. ఆ తర్వాత కాయా వచ్చాడు. అసలు పేరు జోసెఫ్ రెజినాల్డ్ తొపీజ్. సెగా నడకను జమైకా రెగ్గేతో కలిపి ‘సెగ్గే’ అన్నాడు. ఎలక్ట్రిక్ గిటార్లు, మైకులు అన్నీ ఉన్నాయి. అయినా పేదవాడల కుర్రకారు అతనికి బదులు పలికారు. 1999 ఫిబ్రవరిలో, గంజాయి వాడకాన్ని నేరంగా చూడవద్దని కోరే సభలో పాడిన తర్వాత అతన్ని అరెస్టు చేశారు. ఆ నెల 21న పోలీసు నిర్బంధంలో మరణించాడు. ఆ వార్తతో దీవి అంతా అట్టుడికిపోయింది. హోటలు సెగా కోసం అలా ఎవరైనా వీధిలోకి వస్తారా? కాబట్టి కరెంటు వాద్యం వల్ల పాట చావదు. వినేవాడు చెప్పవలసిన బదులు లేనప్పుడు చస్తుంది.

2014లో సెగాను యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. 2016లో భోజ్‌పురి ఆడవాళ్ళ పెళ్ళిపాటలు గీత్-గవాయీకి కూడా ఆ గౌరవం దక్కింది. సంతోషమే. కాని జాబితా పాటకు సర్టిఫికెట్టు ఇవ్వగలదు, గొంతు ఇవ్వలేదు.

ఇక మన సంగతి. 1834 నుంచి 1920 దాకా ఆ దీవికి దాదాపు అయిదు లక్షల మంది ఒప్పందపు కూలీలు వచ్చారు. అందులో తెలుగువారూ ఉన్నారు. కోరంగి రేవు పేరు మీద వాళ్ళను కోరంగీలన్నారు. వారి సంతతిలో ఒకరింటికి రామభజనకు పిలిస్తే వెళ్ళాం. ఆ ఇంటి పెద్దాయన మాతో ఇంగ్లీషులో, ఇల్లాలితో క్రియోల్‌లో మాట్లాడారు. నడుమ దీపం పెట్టి, చుట్టూ తిరుగుతూ పాట ఎత్తేసరికి మాత్రం తెలుగే. ఉచ్చారణ మనకు కొంచెం వింతగా ఉంటుంది. మా ఆవిడ మొదట నవ్వు ఆపుకొంది, రెండో పాటకు కళ్ళు తుడుచుకొంది. అక్కడ ప్రేక్షకులు లేరు. పసివాళ్ళతో సహా అందరూ వలయంలోనే. మమ్మల్నీ లాగారు, మాకు ఆ పాటలు రావు!

అదే తెలుగు కుదురు నుంచి దేవ్ వీరస్వామి (1942-2023) వచ్చాడు. బానిసల భాష అని ఈసడించిన క్రియోల్‌లోనే కవిత్వం, నాటకాలు రాసి దానికి గౌరవం కోసం జీవితమంతా వాదించాడు. తన తాతల భాష కాని దాని కోసం అంత పాటుపడ్డాడంటే మనం ఆలోచించాలి.

ఎందుకంటే, రవాన్ కాచడం చూసినప్పుడు నాకు మా ఊరి డప్పు గుర్తుకొచ్చింది. దాన్నీ ఇలాగే మంటకు కాస్తారు. మా చిన్నప్పుడు ఆ మంట దగ్గరకు మమ్మల్ని పోనిచ్చేవారు కాదు. కారణం తోలు కాదు, పట్టుకున్న చేతులు. ఈ సంగతి మనందరికీ తెలుసు, పైకి అనం. వేల మైళ్ళు వెళ్ళి ఆఫ్రికా బానిసల డోలుకు చప్పట్లు కొట్టివచ్చిన నేను, ఇన్నేళ్ళుగా మన సంఘం వేదిక మీద ఒక్కసారైనా డప్పు మోగాలని అడిగానా? లేదు. కార్యక్రమాల సంఘంలో నేనూ రెండేళ్ళు ఉన్నాను గనుక ఇది ఇతరుల మీద నింద కాదు.

మన ఉగాది కార్యక్రమాలు ఎలా ఉంటున్నాయో చూడండి. ఫోనులోంచి వాద్యం వస్తుంది, పాప పాడుతుంది, తల్లిదండ్రులు వీడియో తీస్తారు, తక్కినవారు పులిహోర దగ్గర మాట్లాడుకుంటారు. అది మన హోటలు సెగా. పిల్లల్ని తప్పు పట్టను. వాళ్ళకు బదులు పలకని పెద్దల్నే పడతాను.

ఒక చిన్న ప్రతిపాదన. వచ్చే ఉగాదికి అరగంట సేపు కుర్చీలు గుండ్రంగా వేద్దాం. మైకు వద్దు. జాజర పాటో, భజన పాటో, అమ్మమ్మలకు వచ్చిన ఏ పాటైనా సరే, ఒకరు ఎత్తుకుంటే అందరం అందుకుందాం. తెలిసినవాళ్ళను పిలిపించి డప్పు వాయింపిద్దాం. హాలు బయట కార్లు నిలిపే చోట దాన్ని కాచుకోవడానికి అనుమతి సంపాదించే పని నాది. పిల్లలు మంట దగ్గరే నిలబడి చూడాలి. ఈసారి ఎవరూ వాళ్ళను వెనక్కి పిలవకూడదు.