మోకుకు తోడొచ్చిన కొక్కెం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల తాటివనాల్లో పొద్దున్నే తలెత్తి చూడండి. నడుముకు ముస్తాదు, చెట్టును చుట్టిన మోకు, కాళ్లకు గుజి. మోకును పైకి జరిపి, గుజి మీద లేచి, మళ్లీ మోకు జరిపే కల్లుగీత గౌడన్న లయ చూస్తే బండలెక్కే ఆటగాళ్లు కూడా ఆగిపోతారు. కానీ పట్టు జారితే ఆపడానికి రెండో ఆధారం తరతరాలుగా లేదు.

ఆ లోటు తీర్చడానికే 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కొండలెక్కేవాళ్ల సరంజామా అలా తాటిచెట్టెక్కింది.

అందులో నాకు ముచ్చటైంది తాళం పడే కొక్కెం, కారాబైనర్. దాన్ని ఎంచడమూ పనితనమే. ఒంటి మీద చెక్కిన అంకెలు చూడాలి: పర్వతారోహణ ప్రమాణంలో నిలువునా సాధారణంగా కనీసం 20 కిలోన్యూటన్లు, అంటే సుమారు రెండు టన్నుల బరువు. అడ్డంగా లాగినా, కొక్కెం నోరు తెరుచుకున్నా ఆ బలంలో దాదాపు మూడో వంతే మిగులుతుంది. తాళం అందుకే. మరతాళం తేలిక, కానీ తిప్పడం మరిస్తే లేనట్టే. దానంతటదే పడే తాళమే మేలంటాను. గీసేవాడి రెండు చేతులూ ఎప్పుడు ఖాళీగా ఉన్నాయి? కాకపోతే కల్లు జిగట, దుమ్ము చేరితే అదీ సగంలో ఆగుతుంది. కడిగి ఆరబెట్టాలి.

అన్నా, మోకు తడిమి చూసుకున్నట్టే, ఎక్కే ముందు ఆ కొక్కెం నోరూ ఒకసారి నొక్కి చూడు.