చేతికి మైకు అందాక

పలకా బలపం పట్టని చేతులకు కెమెరా, మైకు ఇచ్చి పని నేర్పిన ఒక ఉపాధ్యాయురాలు తన తరగతుల అనుభవాన్ని ఇలా పుస్తకంగా తెచ్చినందుకు నాకు పట్టరాని సంతోషంగా ఉంది. వయోజన విద్యలోనే తల నెరిసినవాణ్ణి. ఇటువంటి పుస్తకం కోసం చాలాకాలంగా ఎదురుచూస్తున్నాను.

మా తరానికి నెల్లూరు సాక్షరతా ఉద్యమమే పెద్ద బడి. 1990ల మొదట్లో అక్కడి రాత్రిబడుల వాచకంలో సారా గురించి సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. ఆ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివి ఊరుకోలేదు, ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఆ కదలిక జిల్లాలు దాటి, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్ళింది. అయితే ఆ వాచకం మరెవరో రాసిచ్చినది. నేర్చుకునేవాళ్ళే పాఠం తయారుచేసే రోజు జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో వచ్చింది.

అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత స్త్రీలు 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టారు. వాళ్ళలో చాలామందికి అక్షరం ముక్క రాదు. సంస్థను నడిపిన పి.వి. సతీష్ గారు దూరదర్శన్‌లో పనిచేసి వచ్చినవారు. ఆ స్త్రీలు కెమెరా పనికి తమ పేర్లు తామే పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కంటికి కన్ను సమానంగా పట్టేది సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు. వరంగల్ బీటీ పత్తి రైతుల గోడును సినిమాగా తీసిందీ వాళ్ళే. రేడియోకు లైసెన్సు లేని రోజుల్లో కార్యక్రమాలు రికార్డు చేసి, టేపుల మీద సంఘాల్లో వినిపించారు. తరంగాలు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలు 2006లో గాని రాలేదు. 2008 అక్టోబర్ 15న జహీరాబాద్ ప్రాంతంలోనే ఉన్న మాచనూరు నుంచి సంఘం రేడియో మొదలైంది. విత్తనాల ముచ్చట్లు, పశువుల వైద్యం, పండగ పాటలు, అన్నీ వాళ్ళ యాసలోనే.

ఈ రచయిత్రి ఆ దారినే నడిచింది. తరగతికి వచ్చేవాళ్ళు పాచిపని, కూలిపని ముగించుకుని వస్తారని ఆమెకు తెలుసు కనుక, వాళ్ళకు తెలిసినదాంతోనే పాఠం మొదలుపెట్టింది. ఎడిటింగ్ అధ్యాయం నాకు అన్నిటికన్నా నచ్చింది. ఒకామె తన అత్త పాడిన నాట్లపాట రికార్డు చేసి తెచ్చింది. మూడు నిమిషాలకు కుదించమంటే చరణాలు తీసేసింది గాని, ముసలమ్మ పాట మధ్యలో మరిచిపోయి, దగ్గి, పక్కామెను అడిగిన చోటు మాత్రం వదలనంది. పాట ఒకరి నుంచి ఒకరికి ఎట్లా వస్తుందో అక్కడే తెలుస్తుందని ఆమె వాదన. టీచరమ్మ ఒప్పుకుంది. ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్న నిర్ణయం ఒక కూలి మనిషి చేతికి రావడం చిన్న సంగతి కాదు.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఈ శిక్షణ ఎందుకని అడిగేవారున్నారు. ఫోనులో వీడియోలు చూడటం ఎవరూ నేర్పనక్కరలేదు. తన బతుకు గురించి తానే చెప్పి, ఎదుటివారు చివరిదాకా వినేట్టు చెయ్యడం మాత్రం కూర్చుని నేర్చుకోవలసిన పని.

ఒక్క లోటు చెప్పాలి. కోర్సు అయ్యాక వీళ్ళకు కూలి ఎక్కడ దొరుకుతుంది, పాడైన మైకు ఎవరు బాగుచేయిస్తారు అన్నది పుస్తకంలో రెండు పేజీల్లోనే తేలిపోయింది. రెండో కూర్పులో రచయిత్రి దాన్ని పెంచి రాయాలి. పని నేర్పి వదిలేస్తే అన్యాయం అవుతుంది.

శిక్షణ కేంద్రాలు నడిపేవారికి నా విన్నపం: పదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన ఇలాంటి కోర్సులకు తీసెయ్యండి. పాఠకులారా, ఈ పుస్తకం చదివాక మీ ఊరి గ్రంథాలయంలోనో, సంఘం గదిలోనో వారానికి రెండు సాయంత్రాలు ఒక మైకు పెట్టి చూడండి. వచ్చేవాళ్ళు వస్తారు.