క్షమాపణలో కర్త ఎవరు?

ప్రభుత్వం క్షమాపణ చెబితే ఒరిగేదేమిటి అన్న ప్రశ్న తరచు వినబడుతుంది. మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు అనే సామెతను మన జనం ఊరికే పుట్టించలేదు. అయితే ఎరుకల, కొరవ సమూహాల చరిత్రను పరిశీలించినప్పుడు ఈ ప్రశ్నను మరొక విధంగా అడగవలసి వస్తుంది. వారికి జరిగిన అన్యాయానికి మొదటి సాధనం మాటే. గజెట్‌లో అచ్చయిన ఒక ప్రకటన వారిని పుట్టుకతో దొంగలుగా నిర్ణయించింది. కాబట్టి మాటకు విలువ లేదన్న వాదం ఇక్కడ నిలవదు. ఏ మాట, ఎవరి నోట, ఏ కాగితంలో అన్నదే విమర్శకుడు చూడవలసిన సంగతి.

1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911 చట్టంతో మద్రాసు రాజధానికి వర్తించింది. నాడు బళ్ళారి జిల్లా కూడా ఆ రాజధానిలోదే. ప్రకటనకెక్కిన సమూహంలో పుడితే చాలు, నేరం చేశాడా లేదా అన్న విచారణ అక్కరలేదు. పేరు నమోదు చేసి వేలిముద్రలు తీసుకోవచ్చు, రాత్రిపూట హాజరు వేయించవచ్చు, ఊరు దాటడానికి అనుమతి చీటీ అడగవచ్చు. చట్టం పేర్కొన్న నేరాలలో మూడవసారి శిక్షపడితే యావజ్జీవ ప్రవాసం. మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన పరిశోధన ఈ కథకు పూర్వరంగాన్ని చూపింది. తీరప్రాంతపు ఉప్పును పశువుల మీద లోతట్టు ఊళ్ళకు మోసి, తిరుగుదారిలో ధాన్యం తెచ్చిన సంచార వర్తకులు వీరు. రైళ్ళు వచ్చి, సర్కారు ఉప్పు విధానం మారి, ఆ వర్తకం దెబ్బతిన్నది. బతుకుతెరువు పోయినవాడి తిరుగుడు సర్కారు కంటికి అనుమానాస్పదమైంది. సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో బాపట్ల దగ్గర వెలసిన స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఆ అనుమానానికి కట్టిన ఊరు. అక్కడివారి శ్రమ చీరాల పొగాకు ఫ్యాక్టరీకి అక్కరకు వచ్చింది. మన బ్రూస్‌పేటలాగే ఆ ఊరికీ ఒక దొర పేరే మిగిలింది.

చట్టం రద్దయిన తీరును చూద్దాం. 1936లో నెల్లూరులో జవహర్‌లాల్ నెహ్రూ ఈ చట్టాన్ని పౌరస్వేచ్ఛకు విరుద్ధమని గట్టిగా ఖండించారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దీన్ని తన పరిధిలో రద్దు చేసింది. 1949లో ఏర్పడిన విచారణ సంఘానికి తెలుగునాటి నుంచే వచ్చిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షత వహించారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దు అమలులోకి వచ్చింది. కాని ఆ రద్దు చట్టం చాలా చిన్నది. పాత చట్టాలు ఇకపై ఉండవని చెబుతుందే తప్ప, అవి తప్పని చెప్పదు. ఆనాటి నుంచి వీరు 'విముక్త జాతులు' అయ్యారు. ఈ పదాన్ని ఒకసారి విప్పి చూడాలి. విముక్తుణ్ణి చేసినవాడు దాత, పొందినవాడు గ్రహీత. బంధించినవాడెవరో ఆ పదంలో కనబడడు. పైగా ఒకనాటి నిందను గుర్తుచేయకుండా ఆ పేరు పలకడం సాధ్యం కాదు.

తెలుగులో ఈ తేడాను పట్టుకోవడానికి క్రియలే చాలు. రైల్వే స్టేషన్‌లో బండి ఆలస్యమైతే 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము' అంటారు. అసౌకర్యం దానంతట అదే కలిగింది, మేము దూరంగా నిలబడి చింతిస్తున్నాము అని భావం. 'మేము తప్పు చేశాము, మమ్మల్ని క్షమించండి' అన్న వాక్యంలో కర్త తప్పించుకోలేడు. అంతకంటె ముఖ్యంగా, క్షమించే అధికారమూ, క్షమించకపోయే అధికారమూ ఎదుటివాడి చేతికి పోతాయి.

లోకంలోని ప్రభుత్వ క్షమాపణలను ఈ గీటురాయి మీద పెట్టవచ్చు. ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసిన విధానంపై 1997లో నివేదిక వెలువడింది. 1999లో ప్రధాని జాన్ హోవర్డ్ పార్లమెంటు చేత విచారం మాత్రమే చెప్పించారు. 2008 ఫిబ్రవరి 13న కెవిన్ రడ్ అదే సభలో క్షమాపణ చెబుతూ, ఆ చట్టాలు చేసినది పార్లమెంట్లూ ప్రభుత్వాలే అని కర్తను పేర్కొన్నారు. 2009లో అమెరికా ఆదివాసులకు చెప్పిన క్షమాపణ మాత్రం రక్షణశాఖ ఖర్చుల చట్టంలో ఒక మూల చేరింది. దీని ఆధారంగా ఎవరూ ప్రభుత్వం మీద దావా వేయరాదన్న జాగ్రత్త దాని వెంటే ఉంది. వినవలసినవారికి వినబడకుండా చెప్పిన క్షమాపణ అది.

మన దగ్గర ఆ మాత్రం కూడా జరగలేదు. పాత చట్టం పోయిన చోట 'అలవాటు నేరస్థుల' చట్టాలు వచ్చాయి. మద్రాసులో 1948లో, మైసూరు రాష్ట్రంలో 1961లో, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. జాతి స్థానంలో వ్యక్తి వచ్చాడు నిజమే, పోలీసు చూపు మాత్రం పాత దారినే పోయింది. సినిమా కూడా ఆ దారినే నడిచింది. 1991లో 'స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్', 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' ఆ ఊరి పేరును దొంగతనంతో జోడించే తెరమీదికి తెచ్చాయి. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సుకన్యా శాంత కేసులో తీర్పునిస్తూ, జైలు నియమావళుల్లోని కులవివక్షను కొట్టివేసింది. విముక్త జాతులను పుట్టు నేరస్థులుగా చూసే ధోరణిని తప్పుపట్టింది. రద్దు జరిగిన డెబ్బై రెండేళ్ళకు కూడా ఆ మాటలు సర్కారు పుస్తకాల్లో బతికే ఉన్నాయన్నమాట. తప్పును తప్పని పలకకుండా చేసిన రద్దు ఎంత దూరం పోగలదో దీన్నిబట్టి అంచనా వేయవచ్చు.

బళ్ళారి విద్యార్థికి ఇక్కడ మరొక చిక్కు ఎదురవుతుంది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మిగతా జిల్లా మైసూరుకు పోయాయి. ఒకే గజెట్ కింద నలిగిన బంధువర్గం రెండు ముక్కలైంది. అటువైపు ఎరుకలవారు షెడ్యూల్డు తెగ. ఇటువైపు కొరమ, కొరచలు షెడ్యూల్డు కులాలు. మరి క్షమాపణ చెప్పవలసినది ఎవరు? చట్టం చేసిన బ్రిటనా, స్వాతంత్ర్యం తరువాత ఐదేళ్ళు దాన్ని పూర్తిగా తొలగించని ఢిల్లీయా, కొత్త పేరుతో కొనసాగించిన రాష్ట్రాలా? అందరూ అన్నదే సరైన సమాధానం. ఎవరు చేసిన పనికి వారు కర్త కావాలి. ఒక రాష్ట్రం చెప్పిన మాట సరిహద్దు దగ్గర ఆగిపోతే అది సగం క్షమాపణే.

క్షమాపణ ఒక్కటే భూమి ఇవ్వదు, బడి కట్టదు. రడ్ ప్రసంగం తరువాత కూడా ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లలు తమ జనాభా నిష్పత్తికి మించి కుటుంబాలకు దూరంగా సర్కారు సంరక్షణలో పెరుగుతున్నారు. అయినా పట్టాను ముందు పెట్టి క్షమాపణను వెనక్కి నెట్టే వాదాన్ని ఒప్పుకోలేము. తప్పు ఒప్పుకోకుండా ఇచ్చిన పట్టా దయాధర్మం అవుతుంది, ఒప్పుకుని ఇచ్చినది బాకీ తీర్చడం అవుతుంది. దయ చేసినవాడు రేపు మానుకోవచ్చు. బాకీ ఉన్నవాడికి ఆ వెసులుబాటు లేదు. ఏ గజెట్ ఆనాడు వారిని దొంగలన్నదో అదే గజెట్‌లో, తెలుగులోనూ కన్నడంలోనూ, కర్త స్పష్టంగా ఉన్న వాక్యంలో క్షమాపణ అచ్చు కావాలని అడగడం అందుకే న్యాయమైన కోరిక.