భాగోతపు మాటకు పుట్టిల్లు

మహారాష్ట్ర సరిహద్దునకు చేరువగా, గోదావరికి ఉత్తరమున, ప్రత్తి వ్యాపారమునకు పేరుపడిన భైంసా పట్టణము 1956 నవంబరు 1వ తేదీ వరకు నాందేడు జిల్లాలోని ముధోలు తాలూకాకు చెందియుండినది. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టము ఆ తాలూకానుండి ముధోలు, భైంసా, కుభీరు సర్కిళ్లను విడదీసి తెలుగు రాష్ట్రమునకు చేర్చినప్పుడు అది ఆదిలాబాదు జిల్లాకు వచ్చినది. 2016లో నిర్మలు జిల్లా ఏర్పడగా అందులో భాగమైనది. పాలనాధికారుల పటములలో హద్దులిట్లు మారినను, ఈ ప్రాంతపు మనిషి చెవి మాత్రము మొదటినుండియు తెలుగు, మరాఠీ, ఉర్దూల నడుమనే పెరిగినది. పడమటి ఊళ్లలో ఢోల్కీ మీద తమాషా, గోదావరి ఒడ్డు పల్లెలలో మద్దెల మీద చిందు భాగోతము, ఉత్తరపు కొండగూడేలలో దీపావళి దినములందు గోండుల దండారి, గుస్సాడి ఆటలు: వీని నడుమ పుట్టినవానికి ఆట యనునది పండుగనాటి విశేషము కాదు, నిత్యవ్యవహారములో కలిసిపోయిన సంగతి.

ప్రత్తి ఏరుట ముగిసి, జొన్న కోతలు తీరి, మరల తొలకరి పడువరకు గల దీర్ఘమైన విరామకాలములో సాయంకాలము ఏ ఊరి చావడి యొద్దకు పోయినను, ఏ చాయ హోటలు బల్లమీద కూర్చుండినను, నలుగురు మిత్రులు ఏదో ఒక భాగోతమును గూర్చి ముచ్చటించుకొనుట ఈ ప్రాంతమున చిరకాలపు వాడుక. వారిలో ఒకడు రైతు, ఒకడు దర్జీ, ఒకడు జిన్నింగు మిల్లులో కూలి, ఒకడు బడిపంతులు కావచ్చును. అందరును ఎప్పుడో ఒకప్పుడు ముఖమునకు రంగు పూసికొన్నవారే, లేక పూసికొనగోరినవారే. త్రోవన పోవువాడు దీనిని ప్రొద్దుపుచ్చు కబుర్లనుకొనును. నేనట్లనుకొనను. మన పల్లెల నాటకవిద్యలో అచ్చునకెక్కని సగభాగము ఈ ముచ్చట్లయందే పుట్టి, ఇందే సానపట్టబడి, ఇందే ఒక తరమునుండి మరియొక తరమునకు చేరుచు వచ్చినదని నా నిశ్చితాభిప్రాయము. అది యెట్లో కొంచెము వివరముగా చెప్పవలసియున్నది.

పల్లెలలో భాగోతమని పిలువబడు యక్షగానము మనకు నూతనము కాదు. శ్రీశైలమున శివరాత్రినాడు భక్తజనులు వేషములు ధరించి ఆడిపాడిన తీరును పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో వర్ణించినాడు. లభించిన యక్షగానములలో ప్రాచీనమైనదిగా పండితులు చెప్పు సుగ్రీవవిజయమును పదునారవ శతాబ్దిలో కందుకూరి రుద్రకవి రచించినాడు. అప్పటినుండి చేర్విరాల భాగయ్య రచనల వరకు ఈ ప్రక్రియకు దరువులు ఎముకలగూడు వంటివి. జంపె, త్రిపుట, ఏక, అట తాళములలో నడచు దరువులును, కథను వేగముగా నడపు ద్విపదలును, పెండ్లిఘట్టములలో శోభనములు, ధవళములును, వీటితోపాటు తెలంగాణమున మిక్కిలి ఆదరము పొందిన కందార్థములును ఇందు కలవు. కందార్థమున పాత్రధారి కందపద్యమును తాళము లేకుండ రాగమున సాగదీసి చదివి, సాధారణముగా దాని కడపటి మాటనే పట్టుకొని దరువు ఎత్తుకొనును. అంతవరకు ఊరకుండిన మద్దెల ఆ మాటమీద పడును. పద్యమున నిలిచిన మనస్సు దరువుతో కదలుట ప్రేక్షకునకు శరీరమున తెలియును. ఇదంతయు పుస్తకములలో నున్నది. చదువ నేర్చినవాడు చదువవచ్చును, పాడ నేర్చినవాడు పాడవచ్చును.

పుస్తకమున లేనిది వచనము. ఉన్నను రెండు మూడు పంక్తులకు మించదు. దరువు ముగియగానే రాజును మంత్రియు, భార్యయు భర్తయు, గురువును శిష్యుడును ఎదురెదురుగా నిలిచి మాటాడుకొను ఆ సంభాషణమును ఆటగాండ్రే అప్పటికప్పుడు అల్లుకొనవలెను. రాత్రి పది గంటలకు మొదలైన ఆట తెల్లవారుజాము వరకు సాగుచున్నదన్నచో అందు సగము కాలము ఈ వచనముదే. అయితే అప్పటికప్పుడు అల్లుట అనగా ఏమియు లేని చోటినుండి మాటను పుట్టించుట కాదు. దానికి ముందే ఎన్నియో మాటలు పలుమారు మిత్రుల నడుమ పలుకబడి, నవ్వించి, కొన్ని త్రోసివేయబడి, మిగిలినవి నాలుకచివర సిద్ధముగా నుండవలెను.

ఒక ఉదాహరణము చెప్పెదను. హరిశ్చంద్ర నాటకమున నక్షత్రకుడు ఋణము వసూలు చేయుటకై రాజు వెంటబడి తిరుగు ఘట్టము అందరకును తెలిసినదే. ఆ వేషము కట్టదలచిన యువకుడొకడు గొంతు పెంచి, కన్నులెఱ్ఱజేసి గద్దించి చూపగా, కూర్చున్నవారిలో పెద్దవాడు తల అడ్డముగా ఆడించును.

"గట్ల కొట్లాడుకుంట అడుగుడు గాదు తమ్మీ. బాకి వసూలుకొచ్చినోడు ఎట్లడుగుతడు? నవ్వుకుంట అడుగుతడు. మంచినీళ్లు తాగు బాపూ అంటడు, మళ్ల లేవనియ్యడు."

"అయితే నవ్వాలెనా అన్నా?"

"నవ్వు. హరిశ్చంద్రుడు అలిసి కూలబడ్డప్పుడు కాళ్లు గూడ పిసుకు. పిసుక్కుంటనే వడ్డి లెక్క జెప్పు."

ఈ మూడు మాటలలో ఒక పాత్ర స్వభావము మారిపోయినది. కాళ్లు పిసుకుచు వడ్డి లెక్కించు నక్షత్రకుని చూచి అప్పు బాధ తెలిసిన రైతుజనము మొదట నవ్వుదురు. తరువాత ఆ నవ్వు గొంతులో అడ్డుపడును. ఇట్టి సూచనను ఏ నాట్యశాస్త్రగ్రంథమును ఇయ్యజాలదు. ఆ పెద్దవానికి శాస్త్రము తెలియదు. కాని లోకము తెలియును, తన యెదుటనున్న కుఱ్ఱవాని ముఖమునకు ఏది ఒప్పునో తెలియును, రేపు ఏ ఊర ఆట యున్నదో, అచ్చటివారికి ఏ మాట తగులునో తెలియును. సలహా కోరినవాడు, సలహా ఇచ్చినవాడు, ఇద్దరి మాటలను విని తల ఊపినవాడు, ముగ్గురును ఆ క్షణమున నాటకకర్తలే.

సరిహద్దుకవతల మరాఠీ తమాషాలో ఈ సంభాషణమునకు ప్రత్యేకస్థానమే కలదు. గణపతి స్తుతిరూపమగు గణ్, గోపికలకును కృష్ణునకును వాదము నడచు గవళణ్ ముగిసిన తరువాత, అసలు కథయగు వగ్ ఆరంభమునకు ముందు, బతావణి యని ఒక భాగము వచ్చును. అందు సోంగాడ్యా యను హాస్యగాడును అతని తోడివారును ఆనాటి లోకవార్తలనే ఎత్తుకొని ఒకరినొకరు మాటలతో ముడివేయుచుందురు. తమాషావారు బతావణికి చేసిన గౌరవమును మన భాగోతమువారు వేరు పేరు పెట్టకయే వచనమంతటికిని పంచిపెట్టినారు. కూచిపూడివారి భామాకలాపమున సూత్రధారుడే మాధవి యై, సత్యభామ గర్వమును మెల్లమెల్లగా ఆమె నోటనే చెప్పించు సంభాషణమందును ఈ కౌశలమే కనబడును. భైంసా వంటి చోట పెరిగినవాడు చిన్ననాటనే రెండు భాషల చమత్కారమును విన్నవాడగుటచే అతని వచనమునకు ఒక ప్రత్యేకమైన చురుకుదనము అబ్బినదని నేను నమ్ముదును.

ఔత్సాహికుల ముచ్చట్లు ఇట్లుండగా, ఆటనే బ్రదుకుగా గల చిందువారి సంగతి వేరు. వారికి కుటుంబమే మేళము. మాదిగవారికి ఆశ్రితులై, తమ తమ వంతులకు వచ్చిన గ్రామములను తిరుగుచు, జాంబపురాణము చెప్పి, ఎల్లమ్మ వేషము కట్టి, రాత్రులందు సారంగధర, చెంచులక్ష్మి, బాలనాగమ్మ మొదలగు ఆటలాడి, ఊరివారిచ్చు త్యాగము పుచ్చుకొను ఈ కళావంతులు, ఇతరత్ర స్త్రీపాత్రలను పురుషులే ధరించుచుండిన కాలమందును, స్త్రీలను రంగమునకు తెచ్చినారు. బోధను ప్రాంతపు అమ్దాపూరులో నివసించిన చిందుల ఎల్లమ్మ తన దీర్ఘజీవితమంతయు ఈ విద్యకే వెచ్చించి, 2005లో కన్నుమూసినది. సమాజము అంటరానివారని దూరముంచిన జనులు పురాణమును తమదిగా చేసికొని, తమ జాంబవుని సృష్టికే ఆదిపురుషునిగా నిలిపి పాడుకొన్నారన్న విషయము తలచినప్పుడెల్ల నాకు గౌరవముతో తల వంగును. జాంబపురాణమున బ్రాహ్మణునకును జాంబవునకును నడచు వాదము తెలుగు నాటకసాహిత్యమున ఎన్నదగిన సంవాదములలో నొకటి. జన్మ చేత ఎవడు అధికుడను ప్రశ్నను ఇంత నిర్భయముగా వీథిలో నిలబెట్టిన సంభాషణము నాకు వేరొకటి తెలియదు.

చిందువారి ఇంట ముచ్చట వేషము కట్టునప్పుడే జరుగును. ప్రొద్దు గూకక ముందే ఒకరు రాతిమీద అర్దళము నూఱుచుందురు. పసుపుపచ్చని ఆ ముద్ద ముఖమునకు పట్టి ఆరులోపల కాటుక, తిలకము దిద్దవలెను. తేలికయగు కఱ్ఱతో చేసి, అద్దపు బిళ్లలును తళుకు రేకులును అతికిన కిరీటములు, భుజకీర్తులు ఒక ప్రక్క వరుసగా నుండును. తల్లి కూతునకు భుజకీర్తుల త్రాడు బిగించుచు ఆనాటి ఆటలో ఏ దరువు కుదింపవలెనో, ఏ ఘట్టము పెంచవలెనో చెప్పుచుండును. ఊరిలో ఈ మధ్య ఎవరింట చావు జరిగినదో, ఎవరి ఎదుట ఏ హాస్యము చెల్లదో కూడ ఆ సమయమందే తెలిసికొందురు. చిన్నపిల్లలు ప్రక్కన కూర్చుండి వినుచుందురు. వారిని ఎవరును విద్యార్థులని పిలువరు.

తెర సంగతి ఇచ్చట చెప్పక తప్పదు. ఇద్దరు చెరియొక కొనయు పట్టుకొన్న ఒక్క గుడ్డయే తెర. దాని వెనుక పాత్ర వచ్చి నిలుచును. మొదట గజ్జెల మ్రోత వినబడును. పిదప తెర క్రిందనుండి పాదము, పైనుండి కిరీటపు కొన. అటుపైని చేయి తెర అంచును పట్టుకొనును. ప్రవేశదరువు సగము నడచువరకు ముఖము కనబడదు. తొందరపడి తెర దించినచో రాజు ఊరిలోని ఎవడో ఒక మనిషి అగును. మిక్కిలి ఆలస్యము చేసినచో జనము విసుగుచెందును. ఎంతసేపు పట్టవలెనో ఎవరును గడియారము చూచి చెప్పలేరు. తరువాతి వేషము ఇంకను సిద్ధము కానప్పుడు మద్దెలగాడు కనుసైగతో తెలిసికొని, వంతలవారు దరువు చివరి చరణమును మరల మరల అందుకొనుచుండగా, రంగమునందున్నవాడు ఒక క్రొత్త సంభాషణమును కల్పించి కాలము నింపును. తెల్లవారిన తరువాత మిత్రులు చర్చించునది ఈ సందర్భములనే: తెర ఎప్పుడు దిగినది, నింపిన మాట అతికినదా లేదా, నవ్వు ఎచ్చట రావలసి రాలేదు. పొగడ్త రెండు మాటలలో ముగియును. లోపమును గూర్చి మాత్రము గంటలకొలది మాటాడుదురు, ఎవరును నొచ్చుకొనరు.

వచనమున గ్రామ్యత యెక్కువ అనియు, పౌరాణికపాత్రల నోట అంగడి భాష వచ్చుట అనుచితమనియు కొందరు విద్వాంసులు ఆక్షేపించినారు. కొన్ని యెడల హాస్యము హద్దు మీఱుననుట నిజమే. కాని ముద్రితగ్రంథమును మాత్రము ముందుంచుకొని ఈ ప్రక్రియకు విలువ కట్టుట సరికాదు. దరువున హరిశ్చంద్రుడు అయోధ్యాధిపతి. వచనమున అతడు అప్పులపాలైన మన ఊరి మనిషి. ఈ రెంటి నడుమ రాత్రియంతయు జరుగు రాకపోకలయందే చదువురాని ప్రేక్షకుడు ధర్మసంకటమును తన దానిగా గ్రహించుచున్నాడు. వచనమును సంస్కరించి నియమబద్ధము చేసిన నాడు ఆ త్రోవ మూసికొనిపోవును.

ఇటీవల ఈ కళలకు కొంత గౌరవము లభించుట సంతోషకరము. గుస్సాడి నాట్యాచార్యుడు కనకరాజునకు 2021లోను, జనగామ ప్రాంతపు చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లోను పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడినది. శిక్షణ శిబిరములును జరుగుచున్నవి. ఆ శిబిరములలో అడుగు నేర్పుదురు, దరువు నేర్పుదురు, పదిదినములలో ముప్పావుగంట ప్రదర్శనము సిద్ధము చేయుదురు. ఆ ముప్పావుగంటలో వచనము వ్రాసి వల్లెవేయించిన పాఠమగును. గురువును శిష్యులును పనిలేక కూర్చుండి మాటాడుకొను వేళ కార్యక్రమపత్రములో ఎచ్చటను ఉండదు. ఉండినచో వ్యర్థకాలమని ఎవరో కొట్టివేయుదురు. నన్నడిగినచో ప్రతి శిబిరమునను సాయంకాలములను ఖాళీగా విడువవలెనని, పెద్దలను అప్పుడే పిలువవలెనని, ధ్వనిముద్రణము చేయదలచినవారు ఆటను మాత్రమే కాక ఆటకు ముందును వెనుకను జరుగు మాటలను కూడ ముద్రించవలెనని చెప్పుదును.

ముచ్చట్లు నిలిచియున్నచోట విద్య క్రొత్త ఇబ్బందికి తానే ఉపాయము వెదకికొనును. రంగము నడుమ మైకు వ్రేలాడదీయుట వచ్చిన తరువాత పాత్రలన్నియు దాని క్రిందకు వచ్చి మాటాడి మరల వెనుకకు పోవలసి వచ్చినది. ఎదురెదురుగా నిలిచి నడపు వాదము చెడినది. ఇట్టి చిక్కునకు మిత్రులు కూర్చుండి వెదకిన ఉపాయము చూడుడు. "రాజు మైకు కింద నిలవడాలె, మంత్రి దూరంగనే ఉండి చెప్పాలె, 'దగ్గరికి రా మంత్రీ, గోడకు చెవులుంటయి' అని రాజు పిలిస్తే మంత్రి మైకు కిందికొస్తడు" అని ఒకడనగా, "మరి కోపమొచ్చిన మంత్రి ఎట్ల వస్తడు?" అని వేరొకడు అడ్డుపడినాడు. "రాడు. రాజే లేచి పోతడు. జనం గప్పుడు మంత్రి మాట ఇనకున్నా సరే, రాజు లేచిండని చూస్తరు గద." రాజు లేచుట అను ఆ చిన్న కదలికలో మంత్రి అలుక బరువంతయు తెలిసిపోవును. ఆ తరువాత చర్చ, లేచిన రాజు ఎన్ని అడుగులు వేసి ఆగవలెనను విషయముమీదికి మరలినది.