చలినీటిలో హెన్యోల పని

కొరియా దక్షిణ కొసన ఉన్న జెజు ద్వీపంలో సముద్రం అడుగున పంట ఏరేది ఆడవాళ్లు. వారిని హెన్యోలంటారు. వీపున గాలి సిలిండర్ ఉండదు. ఊపిరి బిగబట్టి తలకిందులుగా మునిగి, రాళ్ల సందుల్లోంచి అబలోనీలనే గుల్లజీవులు, శంఖునత్తలు, నాచు పట్టుకొస్తారు. మామూలుగా ఐదు నుంచి పది మీటర్ల లోతుకు దిగుతారు. ఆరితేరినవారు ఇరవై మీటర్ల దాకా వెళతారు. మునక నిమిషం అటూ ఇటూగా ఉంటుంది. పైకి తేలగానే ఈల వేసినట్టు ఊపిరి వదులుతారు. సుంబిసొరి అనే ఆ చప్పుడు లోపల పేరుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను ఒక్క దెబ్బకు బయటికి తోసే ఒడుపు.

పనిముట్లు కొన్నే. తేలడానికి తెవాక్, దాని కింద వేలాడే వలసంచి, అబలోనీని రాతి నుంచి పెకలించే చదునైన ఇనుపబద్ద. మన పల్లెల్లో ఈత నేర్చుకునే పిల్లలు ఎండు సొరకాయను నడుముకు కట్టుకున్నట్టే, వీరి తెవాక్ కూడా ఒకప్పుడు ఎండిన సొరబుర్రే. ఇప్పుడది థర్మోకోల్. కళ్లద్దాలకు ఆవిరి పట్టకుండా మాచిపత్రి జాతి ఆకును నలిపి రుద్దుతారు. ఇనుపబద్దను మణికట్టుకు కట్టే తాడు విషయంలో మాత్రం ఏమరుపాటు కుదరదు. అబలోనీ బద్దను బిగించి పట్టేస్తే చెయ్యి అక్కడే ఇరుక్కుంటుంది. అలా ప్రాణాలు పోయినవారున్నారు.

అయినా ఈ పనిలో అసలు పరీక్ష చలి. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తుంది. చలికాలంలో కొరియా దక్షిణ తీరపు నీరు 10 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. 1970ల దాకా ఆ నీటిలోకి వీరు పలుచని నూలుబట్టలతోనే దిగారు. అరగంట కాకుండానే వణుకు ముంచుకొచ్చేది. ఒడ్డుకు చేరి, గాలి తగలకుండా రాళ్లతో పేర్చిన బుల్తొక్ అనే చోట మంట చుట్టూ కూర్చునేవారు. ఒళ్లు కాగాక మళ్లీ నీళ్లలోకి. పసిపిల్లలకు పాలిచ్చిందీ, ఏ రాయి దగ్గర ఏ సుడి ఉందో కొత్తవాళ్లు నేర్చుకున్నదీ ఆ మంట దగ్గరే. కూర్చునే చోటు కూడా నేర్పును బట్టే.

1960లలో హాంగ్ సుక్-కీ, హెర్మన్ రాన్ వంటి శరీరధర్మ శాస్త్రవేత్తలు ఈ స్త్రీలను పరీక్షించి ఆశ్చర్యపోయారు. విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా వీరి శరీరం వేడి పుట్టించే వేగం చలికాలంలో దాదాపు 30 శాతం పెరిగేది. ఇతరులు వణికే నీటిలో వీరు వణకకుండా ఉండగలిగేవారు.

తర్వాత, 1970లలో, వీరికి వెట్‌సూట్ అనే రబ్బరు బట్ట అందింది. దాన్ని అంతకు ముందే, 1952 ప్రాంతంలో, రూపొందించింది కాలిఫోర్నియాలోని భౌతికశాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్. లోపలికి చేరిన నీటిపొరే వెచ్చదనమిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి వేడిని ఆపేవి నియోప్రీన్ రబ్బరులో చిక్కుకున్న సన్నని వాయుబుడగలు. ఆ బుడగల వల్లే మనిషి పైకి తేలిపోతుంటాడు. అందుకే నడుముకు సీసపు బరువులు కట్టుకోవాలి. పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపై బుడగలు సగానికి నలుగుతాయి, సూటు పలచబడుతుంది. వెచ్చదనం ఎక్కువ కావలసిన లోతులోనే అది తగ్గిపోతుంది.

ఈ సూటుతో హెన్యోలు నీటిలో గంటల తరబడి ఉండగలిగారు. రాబడి పెరిగింది. కొన్నేళ్లలోనే, శాస్త్రవేత్తలు మళ్లీ కొలిచేసరికి, చలికి అలవాటుపడిన ఆ దేహలక్షణాలు మాయమయ్యాయి. ఎక్కువసేపు మునిగి లేచే పనితో తలనొప్పులు పెరిగాయి. నాకు ఇంతకంటే పెద్ద మార్పుగా తోచేది మరొకటుంది. అప్పటిదాకా ఎవరు ఎంత ఏరాలో చలే తేల్చేది. ఆశ ఉన్నా ఒళ్లు ఒప్పుకునేది కాదు. రబ్బరు ఆ హద్దును చెరిపేసింది. ఇక హద్దు గీయాల్సింది మనుషులే.

గీశారు కూడా. సిలిండర్‌తో ఏరడానికి వీల్లేదన్నారు. ఏడు సెంటీమీటర్ల లోపు శంఖునత్తను, పది సెంటీమీటర్ల లోపు అబలోనీని ముట్టకూడదు. గుడ్లు పెట్టే కాలంలో పని ఆపాలి. ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీటిని వయసు మళ్లినవారికి వదిలేసే ఊళ్లున్నాయి. కొన్ని ఊళ్లలో సముద్రంలో ఒక భాగపు రాబడితో బడులు కట్టించారు. సూటును ఒప్పుకుని సిలిండర్‌ను కాదనడం నా దృష్టిలో ఈ సంప్రదాయంలో అన్నిటికంటే గొప్ప నేర్పు. ఊపిరి అయిపోతుండగా పెద్ద అబలోనీ కనబడితే దాన్ని వదిలి పైకి రమ్మని కొత్తవారికి నూరిపోస్తారు. ఊరంతా కలిసి సముద్రం పట్ల పాటించినది కూడా ఆ నియమాన్నే.

2016లో యునెస్కో జెజు హెన్యో సంస్కృతిని మానవాళి వారసత్వంగా గుర్తించింది. గుర్తింపు వచ్చింది గాని వారసులు తగ్గిపోతున్నారు. 1970లో సుమారు 14,000 మంది ఉండగా ఇప్పుడు మూడు వేల లోపే. వారిలో అత్యధికులు అరవై దాటినవారు. 2008లో జెజులోని హల్లిమ్‌లో మొదలైన బడి పని నేర్పుతోంది కానీ, ఊరి మత్స్యకారుల సంఘం సభ్యత్వం ఇస్తేనే నీటిలో దిగే హక్కు వస్తుంది.

జెజు వెళ్లే తెలుగువారు హదో గ్రామంలోని హెన్యో మ్యూజియం తప్పక చూడండి. 1932లో జపాన్ పాలకుల దోపిడీ మీద తిరగబడిన హెన్యోల స్మారకమూ అక్కడే ఉంది. తర్వాత సొంగ్‌సాన్ కొండ కింద వయసు మళ్లిన హెన్యోలు అప్పటికప్పుడు కోసి పెట్టే నత్తలు కొని తినండి. ఆ డబ్బు వారి చేతికే వెళుతుంది.